సొరుగులో రుమాళ్లు

కాఫీ పొంగి పొయ్యి మీద పడినా నీవెస్ పట్టించుకోలేదు. ముక్కు మీదికి జారిన కళ్లజోడు, చేతిలో ఫోను. పెళ్లయి ముప్ఫై ఏళ్లు నిండుతున్నాయి, మూడు రోజులు బొలోన్యా నగరం వెళ్లొద్దామన్నాడు భర్త ఎర్మెస్. బస చూడటం ఆమె తన నెత్తిన వేసుకుంది.

"ఇదిగో, పెద్ద చౌకు పక్కనే. కిటికీ తీస్తే గోపురాలే. పొద్దున్న ఫలహారం వాళ్లదే."

ఎర్మెస్ పాలలో రొట్టె ముంచుతూ తలెత్తలేదు. "స్టేషన్ వెనక ఇర్మా గారి బస ఉంది. అక్కడ దిగుదాం. భోజనం కూడా అక్కడే."

"ఒక్క ఫొటో లేదు, బాగుందన్నవాడు లేడు. నీకెవరు చెప్పారు?"

"రైల్వేలో ఎవరో అన్నార్లే."

నీవెస్ ఫోను పక్కన పెట్టింది. ఇన్నేళ్లలో ఈ మనిషి ఎక్కడ దిగాలో, ఏం తినాలో ఒక్కసారీ నోరు విప్పలేదు. పైగా నెలకో గురువారం, రిటైరైన రైల్వే మిత్రులంటూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పొద్దున్నే రైలెక్కి పోతాడు. ఆ సాయంత్రం ఆకలి లేదంటాడు. ఎవరి చేతి వంట తిని వస్తున్నట్టు?

"సరే, అక్కడే దిగుదాం," అంది నెమ్మదిగా. ఏం బయటపడుతుందో తన కళ్లతోనే చూడాలనుకుంది.

బొలోన్యాలో ఆ బస తలుపు తీసిన ఇర్మా గారు, "రండి ఎర్మెస్ గారూ!" అని, వెనకే ఉన్న నీవెస్‌ని చూసి నాలుక కరుచుకుంది.

మధ్యాహ్నం భోజనాల గదిలో అనుమానం కాస్తా నిజమైంది. ఇలాంటి చోట్ల వాడుకగా వచ్చి తినేవాళ్ల రుమాళ్లను పేరు కుట్టిన గుడ్డ సంచుల్లో దాచిపెడతారు. ఇర్మా గారు అలవాటుగా సొరుగులోంచి మూడు సంచులు తీసి, ఒకటి ఎర్మెస్ ముందు పెట్టింది. దాని మీద ఎర్ర దారంతో అతని పేరు! అతను గట్టిగా దగ్గాడు. ఆవిడ మిగతా రెండూ గబుక్కున సొరుగులో పడేసింది.

"ఎన్నాళ్లుగా తింటున్నావిక్కడ?" అడిగింది నీవెస్.

"నాలుగేళ్లుగా."

"నాలుగేళ్లు! ఆ రెండు సంచులూ ఎవరివి?"

"ముందు తిను, చెప్తాను."

"గొంతు దిగితేగా తినడానికి! ఒకటి ఆవిడది. రెండోది ఎవరిది, పిల్ల కూడా ఉందా?"

పక్క బల్ల వాళ్ల చెంచాలు ఆగిపోయాయి. నీవెస్ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. ఈ మనిషిని నమ్మి ముప్ఫై ఏళ్లు చాకిరీ చేశానే అనుకుంది. వేలికున్న ఉంగరం లాగేయబోయింది.

అప్పుడే ఇర్మా గారు పొగలు కక్కే పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టింది. వేడి మాంసం రసంలో టోర్టెల్లీని. మాంసం కూరి, చిటికెన వేలికి చుట్టి ముడిచిన చిన్న చిన్న పిండి ముడుపులు. ప్రతి ముడుపూ ఎడమకు ఒరిగి ఉంది.

నీవెస్ చేయి ఆగిపోయింది. అమ్మ చిటికెన వేలు వంకర. అందుకే ఆమె చేసినవి అలా ఒరిగేవి. ఆ వేలు నీవెస్‌కి రాలేదు. చెల్లెలు డెల్ఫీనాకి వచ్చింది. అమ్మ అప్పడాల కర్ర కూడా దానికే వచ్చింది. అమ్మ అంత్యక్రియల నాడు ఆ కర్ర తీసుకుందనే "దొంగా" అని చెల్లెలి మీద అరిచింది నీవెస్. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.

"వంటింట్లో ఉంది," అన్నాడు ఎర్మెస్. "దాని పేరెత్తితే ఇల్లు విడిచి పోతానన్నావు. ఎలా చెప్పను?"

"చెప్పకుండా నన్ను నాలుగేళ్లు వెర్రిదాన్ని చేశావు!"

"చేశాను. తప్పే."

వంటింటి తలుపు దగ్గర, పిండి చేతులతో, జుట్టు నెరిసిన డెల్ఫీనా నిలబడి ఉంది. సొరుగు తెరిచి, మిగిలిన రెండు సంచులూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"బావ వచ్చినప్పుడల్లా మూడు పళ్లేలు పెట్టించానక్కా. ఒకటి అలాగే చల్లారిపోయేది."

ఒక సంచి మీద డెల్ఫీనా పేరు. రెండో దాని మీద 'నీవెస్' అని ఉంది. లోపలి రుమాలు ఇస్త్రీ మడత నలగలేదు.

నీవెస్ ఆ మడత విప్పి మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత పక్క కుర్చీ లాగింది.

"కూర్చోవే, చల్లారిపోతుంది," అంది.