బకెట్‌లో బూట్లు

మంగళవారం పొద్దున్న వంటింట్లో పెనం మీద రవ్వ రొట్టెలు కాలుతున్నాయి. ఇద్రీస్ టీలో పుదీనా వేసుకుంటూ రేడియో వింటున్నాడు. వాళ్ళమ్మ లల్లా తామో రొట్టె మీద తేనె పోసుకుంటూ కోడలి వైపే చూస్తోంది. ఆ చూపు మంచిది కాదని ఇరవై మూడేళ్ళ కాపురంలో బహీజాకి బాగానే తెలుసు. అయినా ఏమీ ఎరగనట్టు హమ్మామ్ బకెట్ అందుకుంది.

బకెట్‌లో పైకి కనిపించేవి తువ్వాలు, నల్లసబ్బు, ఒళ్ళు రుద్దుకునే తొడుగు. అడుగున ఉన్నవి గులాబీరంగు బూట్లు, సాగే ప్యాంటు. మొరాకోలోని మెక్నెస్ పాతబస్తీలో ఆడవాళ్ళు వారానికి ఒకసారి హమ్మామ్ అనే ఉమ్మడి స్నానశాలకి వెళ్ళి స్నానం చేసి వస్తారు. బహీజా మూడు వారాలుగా వారానికి మూడుసార్లు వెళ్తోంది. ఇన్నిసార్లు స్నానాలంటే ఇంట్లో నిశ్చితార్థమేమైనా ఉందా అని పక్కింటి ముబారకా అడగనే అడిగింది. బహీజా నవ్వేసి ఊరుకుంది.

అసలు సంగతి వేరు. చక్కెర జబ్బు గుమ్మం దాకా వచ్చిందని, నడక మొదలుపెట్టకపోతే లోపలికొచ్చి తిష్ఠ వేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ జబ్బుకే బహీజా తల్లి కుడికాలు మోకాలి దాకా తీసేశారు. చివరి నాలుగేళ్ళూ ఆవిడ మంచం మీదే ఉండి, గుక్కెడు నీళ్ళకి కూడా ఎవరినో ఒకరిని పిలిచింది. ఆ పిలుపు బహీజా చెవుల్లో ఇంకా అలాగే ఉంది. అందుకే మందుల షాపు మీది జిమ్‌లో, ఆడవాళ్ళకి విడిగా ఉండే పొద్దుటి వేళల్లో, డాక్టరమ్మ చెప్పిన రోజే పేరు రాయించుకుంది. నలభై ఏడేళ్ళ మనిషి బూట్లు పట్టుకుని వీధిలో నడిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని మాత్రం ఈ బకెట్ నాటకం ఆడుతోంది.

"ఇలా వచ్చి కూర్చో" అంది లల్లా తామో. కోడలి జుట్టు ఒకసారి తడిమి చూసింది. "తొమ్మిదిసార్లు హమ్మామ్‌కి వెళ్ళావు. తొమ్మిదిసార్లూ పొడి జుట్టుతో ఇంటికొచ్చావు. నేను ముసలిదాన్నే గానీ గుడ్డిదాన్ని కాదే."

ఇద్రీస్ రేడియో కట్టేశాడు. అతని మొహం పాలిపోయింది.

"ఎక్కడికి వెళ్తున్నావు బహీజా?"

అతని మనసులో ఏం తిరుగుతోందో అర్థమై, బహీజాకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బకెట్ ఎత్తి బల్లమీద బోర్లించింది. తేనె గిన్నె పక్కన బూట్లు పడ్డాయి.

ఇద్రీస్‌కి ముందు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే కోపం వచ్చింది. ఇందులో దాచాల్సిందేముందని, తనెప్పుడైనా దేనికైనా అడ్డం చెప్పాడా అని నిలదీశాడు. పాతికేళ్ళు కావస్తున్నా భార్య తనని పరాయివాడిలా చూసిందనే బాధ ఆ గొంతులో వినిపించింది.

"మీకు భయపడి కాదు" అంది బహీజా. "అక్కడికెళ్ళి కూడా నేనేం చెయ్యట్లేదు. బట్టలు మార్చుకునే గదిలో బల్లమీద గంటసేపు కూర్చుని వచ్చేస్తున్నా. తొమ్మిదిసార్లూ అంతే."

ఒకసారి తలుపు తీసి చూసిందట. గోడంతా అద్దం. దాని ముందు చువ్వల్లాంటి ఆడపిల్లలు పరుగెడుతున్నారట. వెంటనే తలుపు మూసేసి మళ్ళీ బల్ల మీద కూలబడిందట. చెబుతుంటే ఆమెకి కన్నీళ్ళు ఆగలేదు. అమ్మ కాలు గుర్తొస్తే ఇంట్లోంచి బయల్దేరుతానని, ఆ తలుపు దగ్గరికెళ్ళేసరికి తన కాళ్ళే కదలవని చెప్పింది.

లల్లా తామో ముందు పకపకా నవ్వింది.

"హమ్మామ్‌లో జానెడు గుడ్డతో అంతమంది మధ్య కూర్చుని కబుర్లు చెబుతావు. ఇక్కడ మెడ నుంచి మడమల దాకా బట్టలేసుకుని సిగ్గేంటే నీకు?"

"హమ్మామ్‌లో అద్దం ఉండదు లల్లా."

ముసలావిడ నవ్వు ఆగిపోయింది. లేచి, పై అంగీ తొడుక్కుని, బూట్లు తనే చేతపట్టుకుంది. బకెట్ ఇంట్లోనే వదిలేసి, వీధిలో అందరికీ కనబడేలా ఆ గులాబీ బూట్లు ఊపుకుంటూ ముందు నడిచింది. బహీజా ప్యాంటు చంకలో పెట్టుకుని, తల వంచుకుని వెనకాలే వెళ్ళింది.

జిమ్ మెట్లెక్కేసరికి బాగా ఆలస్యమైంది. బట్టల గదిలో అడుగుపెట్టగానే ముబారకా ఎదురుపడింది. ఆవిడ చంకలో హమ్మామ్ బకెట్ ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆపుకోలేక పడీపడీ నవ్వారు. ముబారకా నెల రోజులుగా వస్తోందట, ఆలస్యంగా వస్తే తెలిసినవాళ్ళు తగలరని లెక్కేసుకుందట.

అయినా లోపలి తలుపు ముందు బహీజా మళ్ళీ ఆగిపోయింది. అప్పుడు అత్త ఆమె భుజం పట్టుకుంది.

"మీ అమ్మ చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, నా పిల్లని చూసుకోమంది. నిన్ను మంచం మీద పెట్టి చూసుకోవడం నావల్ల కాదు తల్లీ. పైగా నువ్వు మంచమెక్కితే నా వీపు రుద్దేదెవరు? వెళ్ళు."

బహీజా వెళ్ళింది. నేర్పే అమ్మాయి విసాల్ ఆమెని నడకయంత్రం ఎక్కించింది. మొదటి నిమిషం కమ్మీని గట్టిగా పట్టుకుని, కళ్ళు నేలకే అతికించుకుంది. వెనక కుర్చీలో లల్లా తామో ఆ చువ్వల్లాంటి పిల్లల్ని ఎవరి కూతురివి, ఏ వీధి, పెళ్ళయిందా అని వరసగా ఆరా తీస్తోంది. వాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటూ జవాబులు చెబుతున్నారు. బహీజా వైపు చూసే తీరిక ఎవరికీ లేదు.

ఐదు నిమిషాలు గడిచాయి. గుండె దడదడా కొట్టుకుంటోంది గానీ అది భయం దడ కాదు. కమ్మీ మీద చేతులు వాటంతటవే వదులయ్యాయి. చెమట వీపు మీదుగా జారుతుంటే ఒంట్లోకి ఎక్కడిదో హుషారు ఎగదన్నుకొచ్చింది. అప్పుడు తలెత్తి అద్దంలోకి చూసింది. ఎర్రబడిన ఆ మొహం అచ్చం అమ్మ మొహమే. నెమ్మదిగా చూపు కిందికి దించింది. రెండు కాళ్ళూ ఉన్నాయి. రెండూ నడుస్తున్నాయి.

ఆమె చెంపల మీద కన్నీళ్ళు చూసి విసాల్ కంగారుపడి, యంత్రం ఆపెయ్యనా అక్కా అని అడిగింది.

"వద్దమ్మా" అంది బహీజా, రొప్పుతూ నవ్వుతూ. "ఇంకొంచెం పెంచు."