గుమ్మడికాయ దించేదెవరు?

పొద్దున్నే వెంకటరామయ్య పేపరు మడిచి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. వార్తలు కంపు కొట్టడం మామూలే గానీ, ఈ కంపు గుమ్మం దగ్గర్నుంచి వస్తోంది. నాచారం ఫ్యాక్టరీల పొగకు రాటుదేలిన ముక్కు అది. నాగోల్ వంతెన మీద మూసీ పక్కన కూడా మూసుకోని ముక్కు. అదే ఇవాళ ఓడిపోయింది.

గుమ్మానికి ఉట్టిలో వేలాడుతున్న బూడిద గుమ్మడికాయ కుళ్ళి, నల్లబడి, అడుగు నుంచి జిగురు కారుస్తోంది. ఆ జిగురుతోపాటు తెల్లటి పురుగులు. కింద రాజ్యం వేసిన చుక్కల ముగ్గు కాస్తా పురుగుల ముగ్గయింది.

"రాజ్యం! దీన్ని దించి పారెయ్యి. ఇది దిష్టి తీసే కాయ కాదు, ప్రాణం తీసే కాయ!"

"దించితేనే ప్రాణం మీదకొస్తుందండీ!" వంటింట్లోంచి భార్య అరిచింది. "'పాతాళ పసుపు' సీరియల్లో మాంత్రికుడు చెప్పలేదూ? కుళ్ళిన కాయలో దిష్టంతా చేరి ఉంటుందిట. దించినవాళ్ళ నెత్తికెక్కుతుందిట. దానంతట అదే రాలాలి."

ఇన్నేళ్ళూ కాయ మెత్తబడగానే మార్చేసిన మనిషి! అది పెద్దలు చెప్పిన పద్ధతి. ఇప్పుడు పెద్దల స్థానంలోకి పెద్ద టీవీ వచ్చింది. పెళ్ళయిన కొత్తలో వారపత్రికల్లో క్షుద్ర నవలలు చదివి, పెరట్లోకి వెళ్ళాలన్నా మొగుణ్ణి తోడు తీసుకెళ్ళేది. అప్పట్లో వారానికో దయ్యం. ఇప్పుడు రోజుకొకటి, మధ్యమధ్య సబ్బుల ప్రకటనలతో. ఆవిడకి గడిచింది భూతకాలం, నడిచేది భూతాల కాలం.

వెంకటరామయ్య ఇవేవీ నమ్మడు. అయినా కాయ జోలికి మాత్రం పోలేదు.

లోపల కోడలు త్రివేణి భళ్ళున కక్కింది. మూడో నెల. వారం నుంచి మంచినీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదు. మూతి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"అత్తమ్మా, తిండి గిట్ల బయటికొస్తుంటే బిడ్డకు మంచిది కాదన్నది డాక్టరమ్మ. నేను గా కాయ వాసనకే కక్కుతున్న."

రాజ్యం గొంతు తగ్గించింది. "సీరియల్లో కోడలూ ఇలాగే కక్కిందమ్మా. లోపల ఎవరో ఉన్నారని..."

"ఉన్నరు అత్తమ్మా! మీ మనుమడో మనుమరాలో ఉన్నది!"

అప్పుడే బోడుప్పల్ నుంచి త్రివేణి తల్లి సాలమ్మ ఆటో దిగింది. చేతిలో కూతురడిగిన పచ్చిపులుసు గిన్నె. గుమ్మంలో కాలు పెట్టిందో లేదో, భుజమ్మీద చుక్క పడింది. చుక్క కదిలింది.

"థూ! ఏంది వదినా ఇది? గుమ్మానికి పీనుగను కట్టుకున్నరా?"

"అది కాదు వదినా, సీరియల్లో..."

"మీ సీరియల్ మన్నువడ! త్రివేణీ, బట్టలు సదురుకో. గీ దయ్యాల కొంపల నా బిడ్డనుంచ. కాన్పయినంక సుత తోలియ్య!"

"చెల్లెమ్మా, వియ్యానికి దయ్యం అడ్డమా..." అన్నాడు వెంకటరామయ్య.

"అన్నా, మీరు జర ఆగుండ్రి! మాటలతోని కంపు పోతదా?"

ఆయన గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకున్నాడు.

త్రివేణి కత్తిపీట పక్కనున్న చాకు తీసింది. ప్లాస్టిక్ స్టూలు గుమ్మంలోకి లాగింది. "ఎవ్వరు దించకుంటే నేనే దించుత."

"దిగవే!" రాజ్యం పరుగెత్తుకొచ్చి ఆమె నడుము పట్టుకుంది. "పోయినేడు ఖాళీ చేతుల్తో ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు నా భుజం మీద పడే కదే ఏడ్చావు! ఈసారి నీకేం కాకూడదనే కదే ఈ కాయ కట్టాను! నీ నెత్తి మీదకి రానిస్తానా?"

కోడల్ని దించి, చాకు లాక్కుని తానే స్టూలెక్కింది.

"ఏమొచ్చినా ఈ ముసలి నెత్తి మీదకే రానీ!"

ఉట్టి తాడు తెగింది. కాయ నిజంగానే ఆవిడ నెత్తి మీదకొచ్చింది. ఫట్!

నల్లటి రసం నుదుటి బొట్టు మీంచి మెడలోకి జారింది. చెవి దగ్గర ఓ పురుగు దారి వెతుక్కుంటోంది. సాలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. వెంకటరామయ్య హాల్లోకి జరిగాడు.

త్రివేణి ఒక్కతే ముందుకొచ్చింది. అత్తగారి చెయ్యి పట్టి కిందికి దించింది. మురుగుకాలువ పక్కకు వెళ్ళి ఒకసారి కక్కి, బకెట్టు తెచ్చింది.

"కండ్లు మూస్కోండ్రి అత్తమ్మా."

మగ్గుతో నీళ్ళు పోస్తూ, ఆ నెరిసిన జుట్టులోంచి పురుగుల్ని వేళ్ళతో ఒక్కొక్కటే తీసింది.

"నాకేమైనా అవుతుందంటావా?"

"అయితది. రెండు షాంపూలు ఖర్చయితయి."

రాజ్యం నవ్వబోయి వెక్కింది. "వెళ్ళిపోతావుటే?"

త్రివేణి తల్లి వైపు చూసింది. సాలమ్మ గిన్నె గుమ్మం లోపల పెట్టి, కొంగు నడుముకు దోపింది.

"ఫినాయిల్ యాడుంది వదినా?"

మధ్యాహ్నం, కడిగిన గుమ్మం పక్కన కూర్చుని త్రివేణి పచ్చిపులుసన్నం కలుపుకుంది. ఏ సీరియల్నీ చూడనంత ఉత్కంఠగా, ఊపిరి బిగబట్టి, రాజ్యం ఎదురుగా కూర్చుంది. మొదటి ముద్ద లోపలికి వెళ్ళింది.

లోపలే ఉంది.

"ఇంకో ముద్ద తినవే తల్లీ," అంది రాజ్యం, కళ్ళు తుడుచుకుంటూ.