వెనక సీటు

ఉదయం ఏడున్నరకే సారమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. నడుముకి ఆపరేషన్ అయి రెండు నెలలైంది. ఇవాళ రొంపిచెర్ల నుంచి నరసరావుపేట ఆసుపత్రికి పోయి చూపించుకోవాలి. ఇన్నాళ్ళూ బస్సులోనే పోయింది. ఈసారి గుంటూరులో ఉండే కొడుకు క్రాంతి కుమార్ తనంతట తానే ఫోన్ చేసి కారులో తీసుకెళ్తానన్నాడు. ఆ మాట ఆమె పక్కింటివాళ్ళకి రెండేసి సార్లు చెప్పుకుంది.

ఆమె భర్త నెహెమ్యాకి మాత్రం అనుమానంగానే ఉంది. ఎన్నడూ తీరిక దొరకని కొడుక్కి ఇంత ప్రేమ ఎక్కడి నుంచి ఊడిపడింది? కానీ ఎర్ర కారు వీధిలోకి రాగానే ఆ అనుమానం కాస్తా ఎగిరిపోయింది. ముప్పై ఏళ్ళు మాచర్ల రూట్లో బస్సు తోలిన మనిషి మరి.

"ఏందిరా, నేలకి అంటుకున్నట్టుంది?"

"స్పెషల్ ఎడిషన్ నాన్నా! ఆల్ వీల్ డ్రైవ్. నాలుగు చక్రాలకీ పవర్ పోతుంది. రివ్యూ చెయ్యమని కంపెనీ వాళ్ళు మూడు రోజులకి ఇచ్చారు. రోజూ తిరిగే రోడ్ల మీద ఎట్లుంటదో నా యూట్యూబ్ ఛానల్లో చెప్పాలి."

సారమ్మ మొహం చిన్నబోయింది. "మరి ఆసుపత్రో?"

"దారిలోనేగా అమ్మా!"

ముందు సీట్లో నెహెమ్యా దర్జాగా కూర్చున్నాడు. వెనక సీటు పేరుకే సీటు. సారమ్మ మోకాళ్ళు ముడుచుకుని అందులో ఇరుక్కుంది. క్రాంతి ముందు అద్దం దగ్గర కెమెరాని సీట్ల వైపు తిప్పి బిగించాడు.

పెద్ద రోడ్డు మీద హాయిగానే సాగింది. కొంతదూరం పోయాక క్రాంతి కారుని కాలవ కట్ట రోడ్డుకి తిప్పాడు. అక్కడ తారు కంటే గుంటలే ఎక్కువ. ఒకసారి పోయి వచ్చాడు. వీడియోలో మాట సరిగ్గా రాలేదని మళ్ళీ పోయాడు.

నెహెమ్యాలో పాత డ్రైవర్ నిద్రలేచాడు. "ఒరేయ్, మెల్లగా పోతే ప్రతి గుంటా తగులుద్ది. తొక్కు! బండి గుంటల మీద తేలిపోద్ది. మేం ఖాళీ బస్సులు అట్నే తోలేవాళ్ళం."

మూడోసారి క్రాంతి తొక్కాడు.

"అమ్మా, ఎట్లుంది?"

"బాగుందయ్యా."

"విన్నారుగా ఫ్రెండ్స్! నడుం ఆపరేషన్ అయిన మా అమ్మకే కుదుపు తెలియట్లేదు!"

కట్ట చివర కారు ఆగింది. సారమ్మ కాలు కింద పెట్టబోయి అక్కడే కూలబడిపోయింది.

నెహెమ్యా ఒక్క ఉదుటున దిగాడు. "వీడియో కోసం కన్నతల్లిని బస్తా ఏసుకొచ్చినట్టు ఏసుకొచ్చావంట్రా? థూ!"

"తొక్కమన్నది ఎవరు నాన్నా? నువ్వు కాదా? బాగుందని అమ్మే చెప్పింది. కావాలంటే చూడు!"

క్రాంతి విసురుగా ఫోన్లో ఆ వీడియో పెట్టాడు. తెర మీద ముందు తండ్రీకొడుకులు నవ్వుతున్నారు. వాళ్ళ వెనక సారమ్మ పైటకొంగు పళ్ళ మధ్య బిగించి, కళ్ళు మూసుకుని ఉంది. బండి హోరులో ఆమె గొణుగుడు సన్నగా వినిపించింది.

"ప్రభువా, నా బిడ్డ పని చెడిపోకుండా చూడు. ఈ కాస్తంతసేపు నాకు ఓపికియ్యి."

క్రాంతి ఫోన్ పక్కన పడేశాడు. తల్లి కాళ్ళ దగ్గర మట్టిలోనే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నెహెమ్యాకి కొడుకుని తిట్టే నోరు లేకపోయింది. ముప్పై ఏళ్ళూ అద్దంలో వెనకవాళ్ళని చూసుకుంటూనే బస్సు తోలాడు. చంటిబిడ్డ తల్లి ఎక్కితే, ముసలామె ఎక్కితే, గుంట గుంటకీ బ్రేకు మీద కాలు పెట్టాడు. ఇవాళ సొంత భార్య వెనక కూర్చుంటే ఒక్కసారి మెడ తిప్పి చూడలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏమే సారా, ఒక్క కేక ఎయ్యలేకపోయావా?" అన్నాడు.

ఆమె చెయ్యి చాచి కొడుకు తల నిమిరింది.

"వీడియో పాడైపోయిందా అయ్యా?" అని అడిగింది.

ఆ ఇద్దరు మగవాళ్ళలో ఒక్కడికీ ఆమె మొహంలోకి చూసే ధైర్యం లేకపోయింది.