చెల్లెలి నడక

ఒట్టు, ఇది మీరు నమ్మరు. నమ్మితే నా మీసం తీసేస్తాను!

మా వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసేవాణ్ణి అందరం స్క్రూ అంటాం. వాడి చెల్లెలు కంప్యూటర్లో ఆటలు తయారుచేసేది. దానికో ఇంజిన్ ఉంటుందట, అంటే ఆటలు కట్టే సాఫ్ట్‌వేర్. పైసా అక్కర్లేదు. వెలుతురుకో ముక్క, శబ్దానికో ముక్క, నడకకో ముక్క... కావాల్సినవి తగిలించుకోవడమే. ఎవరు చేసిన ముక్కయినా ఎవరైనా వాడుకోవచ్చు. కట్టుబాటు ఒక్కటే. చేసినవాళ్ళ పేరు చెరపకూడదు.

ఈ పిల్ల చేసింది నడక ముక్క. ఎడమకాలు ఈడ్చేది పాపం, తన నడకే అందులో పెట్టింది.

"బొమ్మలకి నడక నేర్పి ఏం ఊడబొడుస్తావే?" అని దెప్పేవాడు వీడు.

"నువ్వూ వాడుకో అన్నయ్యా. నా పేరొక్కటి ఉంచు, చాలు."

జ్వరమొచ్చి చనిపోయిందా పిల్ల. వీడు ఆ కంప్యూటర్ మీద దుమ్ము కూడా దులపలేదు. తర్వాత ఏదో ఆటల కంపెనీ, సొంతంగా చేసింది చూపిస్తే ఉద్యోగమిస్తానంది. కొట్టు మూతపడేలా ఉంది కదా, అప్పుడు గుర్తొచ్చింది అయ్యగారికి చెల్లెలు!

వాన పడుతున్న మధ్యాహ్నం. షట్టరు సగం దించాడు. లోపలంతా చీకటి, టంకం పొగ వాసన. ఇంజిన్ తెరిచి తడుముకుంటూ ఓ ఖాళీ గది కట్టాడు. బొమ్మని నిలబెట్టాడు. వెలుతురు తగిలించాడు. నడక తగిలించాడు. అందులో చెల్లెలి పేరు చెరిపేసి తన పేరు కొట్టాడు.

బొమ్మ నడిచింది. టక్... సర్ర్... టక్... సర్ర్...

భలే అనుకున్నాడు. అంతలోనే తట్టింది.

శబ్దం ముక్క ఇంకా తగిలించనే లేదు!

నడక పీకేశాడు. బొమ్మ ఆగింది. చప్పుడు ఆగలేదు. ప్లగ్గు లాగేశాడు. తెర నల్లబడింది.

టక్... సర్ర్...

కుర్చీ వెనక. జ్వరం మందు వాసన...

"చెల్లాయ్?"

"నా పేరేంటన్నయ్యా?" చెవి పక్కనే.

నోరు తెరిచాడు. ఎత్తుకుని పెంచిన పిల్ల... పేరు రాలేదు.

"పోనీ... నీ పేరు?"

షట్టరు కిందనుంచి పాక్కుంటూ బయటపడ్డాడు. మేమంతా చూశాం. బోర్డు మీద వాడి పేరున్నచోట ఉత్త రేకు. గుర్తింపు కార్డులో ఫోటో ఉంది, పక్కన తెల్లగా ఖాళీ. పేరులేనివాడికి ఏ కంపెనీ ఉద్యోగమిస్తుంది? ఇప్పుడు వానొస్తే చాలు, వాడూ ఎడమకాలు ఈడుస్తాడు.

కోతలంటారా? నేను వాడితో గోలీలాడినవాణ్ణి. అయినా అడుగుతున్నా. స్క్రూ అసలు పేరేంటి? పోనీ, చెల్లెలిదైనా సరే.

ఏదీ, ఒక్కరు చెప్పండి చూద్దాం!