ఇరవై రెండో నంబర్ ఇంజన్ ముక్కు

టిప్లీలో మొక్కజొన్న గాదెల వెనక వెర్లిన్ కోవారిక్ బోర్లా పడి ఉన్నాడు. తల వెనక భాగం నుజ్జయిపోయింది. మూడు దెబ్బలు. ప్రాణం మొదటి దెబ్బకే పోయింది. మిగతా రెండూ కసికొద్దీ వేసినవి.

కెమెరా పట్టీ ఇంకా మెడకే ఉంది. లెన్స్ పగిలి గాజుముక్కలు చెంపలో దిగాయి.

రెండడుగుల అవతల గడ్డపార. సైడింగులో, అంటే పక్క పట్టాల మీద, వ్యాగన్లను కొంచెం కొంచెంగా జరపడానికి వాడేది. కొసన రక్తం, వెంట్రుకలు.

కౌంటీ డిటెక్టివ్ ఆర్విన్ టెస్డాల్ వచ్చేసరికి 9:40 అయింది. అక్టోబరు నెల. ఎండ కాస్తున్నా నోట్లోంచి ఆవిరి వస్తోంది.

గ్లవ్స్ తొడుక్కుని కెమెరా మీట నొక్కాడు. తెర వెలిగింది. ఆఖరి ఫోటో 8:41కి తీసింది. చిన్న లైను గూడ్సు బండి సైడింగులోకి వస్తోంది. ఇంజన్ కిటికీలో డ్రైవర్ క్లీటస్ రాస్క్ మొహం. కెమెరా వైపే చూస్తున్నాడు. ఆ చూపు మంచి చూపు కాదు.

"ఇంకేం కావాలి నీకు?" అన్నాడు షెరీఫ్ బ్రీమర్. "బండి ఇక్కడ ఆగింది 8:41కి. కదిలింది 9:05కి. శవం దొరికింది 9:10కి. గడ్డపార మీద క్లీటస్ వేలిముద్రలే ఉంటాయి, చూస్తుండు."

"రోజూ దాంతోనే పని చేస్తాడు. వాడి వేలిముద్రలు కాక మీవుంటాయా?"

"నిన్న సాయంత్రం హోటల్లో నలుగురి ముందు ఇతని కాలరు పట్టుకున్నాడు. బుర్ర పగలగొడతానన్నాడు. పొద్దున్నే పగిలింది. పన్నెండేళ్ల కిందట ఒకడి దవడ విరగ్గొట్టి మూడేళ్లు జైల్లో ఉన్నాడు. మూడు గంటలకి జడ్జి ముందు నిలబెడుతున్నా. ఈసారి లోపలికి వెళ్తే చచ్చేదాకా బయటికి రాడు."

క్లీటస్ పోలీసు కారు వెనక సీట్లో ఉన్నాడు. చేతులు ముందుకి పెట్టి బేడీలు వేశారు. పై పెదవి చిట్లింది. బండిని దారిలో ఆపి పట్టుకునేటప్పుడు డిప్యూటీలు మెత్తగా పట్టుకోలేదు.

టెస్డాల్ కారు తలుపు తీసి, పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నిన్న గొడవేంటి?"

"వంతెన మీద పట్టాల మధ్య నిలబడ్డాడు. ఫోటో కోసం. నా వెనక నలభై వ్యాగన్ల మొక్కజొన్న. బ్రేకు వేస్తే అరమైలు జారింది. అంగుళాల్లో తప్పుకున్నాడు. కాలరు పట్టుకోక ముద్దుపెట్టుకోమంటారా?"

"ఇవాళ బండి దిగావా?"

"దిగా. వ్యాగన్ల లింకులు చూడ్డానికి. నాతో ఉండే బ్రేక్‌మన్ బండి అటు కొసన ఉన్నాడు."

"ఒక్కడివే ఎంతసేపు?"

"పావుగంట." క్లీటస్ ఉమ్మాడు. రక్తం పడింది. "చెప్తే నమ్ముతారా? నమ్మరు. వదిలెయ్యండి."

"నేనింకా ఏమీ అనలేదు."

"అనకపోయినా వినబడుతోంది సార్."

చనిపోయిన వెర్లిన్‌ది మిల్వాకీ. పాత స్నేహితుడు రోలండ్ హెఫ్టీని చూడటానికి వచ్చి మూడు రోజులైంది. ముప్పై ఏళ్లుగా ఇద్దరికీ ఒకటే పిచ్చి. పెద్ద కంపెనీల బళ్లని కన్నెత్తి చూడరు. నాలుగు ఊళ్ల మధ్య తిరిగే చిన్న లైన్ల గూడ్సు బళ్లంటే ప్రాణం పెడతారు.

11:20కి టెస్డాల్ రోలండ్ ఇంటికి వెళ్లాడు. రోలండ్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాఫీ పోశాడు. చెయ్యి వణకలేదు.

"పొద్దున ఎక్కడున్నారు?"

"దక్షిణపు లైన్లో. ఓరిన్ దగ్గర. ఇవాళ విడివిడిగా వెళ్దామనుకున్నాం. వాడు టిప్లీ అన్నాడు. నేను ఓరిన్ అన్నాను. రాత్రి కూర్చుని ఎవరి ఫోటో బాగుందో తేల్చుకుందామని పందెం."

"ఓరిన్‌లో ఎన్నింటికి?"

"8:50. ఇదిగో." ఫోటో తీసి చూపించాడు. ఓరిన్ పేరున్న బోర్డు. ముక్కు ముందుకి పెట్టి ఎదురుగా వస్తున్న ఇరవై రెండో నంబర్ ఇంజన్. వెనక వ్యాగన్లు. మూలన 8:50, ఇవాళ్టి తేదీ. "ఎండ సరిగ్గా ముక్కు మీద పడింది. ఇలాంటిది ఏడాదికి ఒక్కటి దొరుకుతుంది. వాడికి చూపించాలని ఎంత ఆత్రంగా వచ్చానో."

టిప్లీకీ ఓరిన్‌కీ మధ్య ఇరవై ఎనిమిది మైళ్లు.

టెస్డాల్ ఆ ఫోటోని చాలాసేపు చూశాడు.

"మంచి ఫోటో. కెమెరా నా దగ్గర ఉంచుతాను. వెర్లిన్ గది చూడొచ్చా?"

పెట్టెలో ఉన్ని చొక్కాలు, బ్యాటరీలు, సగం తిన్న జున్ను. అడుగున అచ్చుకాగితాల కట్ట, కాగితాల నిండా ఎర్ర పెన్సిల్ గీతలు. టెస్డాల్ మంచం మీద కూర్చుని పావుగంట తిరగేశాడు. కట్ట చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

కారులోంచి డిపోకి ఫోన్ చేశాడు. బళ్లన్నీ పొద్దున బయల్దేరి తిరిగొచ్చే హాల్వర్ డిపోలో ముప్పై ఏళ్లుగా గుమాస్తా అర్డిస్ మంక్. ఆవిడకి తెలియకుండా ఆ లైన్లో చక్రం తిరగదు.

"అర్డిస్, ఈ వారం రిపేరుకెళ్లిన ఇరవై రెండో నంబరు వర్క్‌షాపు నుంచి ఎప్పుడొచ్చింది?"

"నిన్న రాత్రి ఏడున్నరకి. పెద్ద కంపెనీవాళ్ల బండికి తగిలించి తెచ్చారు. ఎందుకూ?"

"ఓరిన్ నుంచి ఇవాళ ఎన్నింటికి వస్తుంది?"

"రెండుంపావుకి. క్లీటస్ ఏమైనా తిన్నాడా?"

"తెలీదు."

"తెలుసుకో నాయనా. అదేమన్నా పెద్ద పనా?"

2:05. హాల్వర్ డిపోలో అందరూ ఉన్నారు. బల్ల వెనక అర్డిస్. గోడకి ఆనుకుని క్లీటస్, చేతులకి బేడీలు. పక్కన షెరీఫ్, మాటిమాటికీ వాచీ చూసుకుంటూ. కిటికీ దగ్గర కుర్చీలో రోలండ్.

టెస్డాల్ అచ్చుకాగితాల కట్ట బల్ల మీద పడేశాడు.

"రోలండ్ గారూ, వచ్చే నెల మీ పుస్తకం వస్తోంది. చిన్న లైన్ల ఫోటోలు. అన్నింటి కిందా మీ పేరే. వెర్లిన్ అరవై ఒక్క ఫోటోల చుట్టూ ఎర్రగా గీశాడు. ప్రతిదాని పక్కనా ఒకటే మాట. ఇది నాది."

"సరదాకి రాసుంటాడు."

"అరవై ఒక్కసారా?"

"చనిపోయినవాణ్ణి అడగండి." రోలండ్ గొంతు మారలేదు. "నేను ఓరిన్‌లో ఉన్నాను. ఫోటో చూశారుగా."

"కెమెరా గడియారం ఎవరైనా తిప్పొచ్చు. సరే, అది వదిలేద్దాం. వెనక్కి నడిచే ఇంజన్ని ఫోటో తీస్తారా మీరు?"

"తియ్యను. ఎవడూ తియ్యడు. మొహం లేని మనిషిని తీసినట్టుంటుంది."

"మరి ఇరవై రెండు?"

"అది పదేళ్లుగా పొద్దున పోయేటప్పుడు ముక్కు ముందు. వచ్చేటప్పుడు వెనక్కి. ఈ లైన్లో ఇంజన్ తిప్పే చోటు లేదు. చిన్నపిల్లవాడికైనా తెలుసు."

బయట కూత వినిపించింది. 2:14.

రోలండ్ అలవాటుగా కిటికీ వైపు తిరిగాడు. బండి వస్తోందంటే అలాంటివాళ్ల తల ఆగదు.

ఓరిన్ నుంచి ఇరవై రెండు వస్తోంది. ముక్కు ముందుంది.

ఆ గదిలో అందరికంటే ముందు అర్థమైంది రోలండ్‌కే. మొహం సున్నం కొట్టినట్టయింది.

"ఏమైంది?" అన్నాడు షెరీఫ్. "బండేగా."

"పెద్ద కంపెనీవాళ్లు దాన్ని తిరగేసి తగిలించారు," అంది అర్డిస్. "వచ్చినదాన్ని వచ్చినట్టే వాడుకున్నాం. పొద్దున ఓరిన్ దాకా వెనక్కే నడిపాడు డ్రైవర్ లైల్. మెడ పట్టేసిందని రేడియోలో ఒకటే గోల."

"ఇవాళ 8:50కి ఓరిన్‌లో ఎవరు నిలబడినా వాళ్లకి దాని ముక్కు కనబడదు," అన్నాడు టెస్డాల్. "మీది పోయినవారం ఫోటో. తేదీ మార్చారు. హోటల్లో క్లీటస్ అరుస్తుంటే మీరు అదే బల్ల దగ్గర ఉన్నారు. బుర్ర పగలగొడతానన్న మాట వినబడింది. మిగతాది మీరు చేశారు."

రోలండ్ లేచాడు. లేస్తూనే ఇనప కుర్చీ ఎత్తి విసురుగా తిప్పాడు. టెస్డాల్ భుజం ఎముక పటుక్కుమంది. అతను బల్ల మీదుగా జారి కింద పడ్డాడు. కుర్చీ మళ్లీ లేచింది, ఈసారి తలకి గురిపెట్టి.

దిగలేదు. క్లీటస్ గోడ దగ్గర్నుంచి దూకాడు. తలతో రోలండ్ కడుపులో పొడిచాడు. ఇద్దరూ నేల మీద పడ్డారు. రోలండ్ ముక్కు బద్దలైంది. క్లీటస్ మోకాలు అతని గుండెల మీదుంది. అర్డిస్ కాగితాలు ఎగరకుండా పెట్టుకునే రైలు పట్టా ముక్క చేతికందింది. నాలుగు కిలోల ఇనుము. బేడీలున్న రెండు చేతులతో తలపైకి ఎత్తాడు.

షెరీఫ్ తుపాకీ తీశాడు.

"ఆ వెర్లిన్‌ని ముప్పై ఏళ్లు మోశాను," అన్నాడు రోలండ్, నోటి నిండా రక్తంతో. "కొట్టు. కొడతావని అందరికీ తెలుసు."

క్లీటస్ చేతులు పైనే ఉన్నాయి.

"క్లీట్," అన్నాడు టెస్డాల్ నేల మీంచి.

బయట బండి ఆగింది. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ చివరిదాకా చప్పుడు పోయింది.

క్లీటస్ చేతులు మెల్లగా దించాడు. పట్టా ముక్కని తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. వెనక్కి తిరిగి చూశాడు. షెరీఫ్ తుపాకీ ఇంకా తన మీదే ఉంది.

"వాడు అక్కడున్నాడు షెరీఫ్ గారూ," అన్నాడు.