పిలుపొచ్చిన పంపుహౌసు

పొద్దుగూకాక ఊరి చివరి పాత పంపుహౌసు వైపు పిట్ట కూడా పోదనేవారు. లోపలి నూతిలోంచి మన ఇంటివాళ్ళ గొంతులే వినిపిస్తాయట... అక్కడ పనిచేసిన ఓ ఫిట్టరు సంగతి ఇది. వాళ్ళ బావమరిది చెప్పగా విన్నాను.

ఫిట్టరుది నీళ్ళ శాఖలో సర్కారు కొలువు. ఏ వేళప్పుడు పిలుస్తారో తెలీదు. పిలిచినప్పుడల్లా పరిగెత్తుకెళ్తే జీతం మీద పావు వంతు అదనం. ఒక్క పిలుపు తప్పిందా — ఆ అదనం గోవిందా.

ఆ రాత్రి కూతురికి ఆయాసం ఎక్కువైంది. ఆస్పత్రికని పిల్లని భుజానికెత్తుకుంటుంటే ఫోను మోగింది. పంపుహౌసు నూతిలో పైపు పగిలిందట.

"ఈ ఒక్కసారికీ వెళ్ళకండి," అంది పెళ్ళాం.

"వెళ్ళకపోతే అదనం పోతుందే. పిల్ల మందులు దాంతోనే కదా! మీ తమ్ముణ్ణి బండి తెమ్మను. ఇట్టే వచ్చేస్తా."

పంపుహౌసు తలుపు బార్లా తీసుంది. దీపం లేదు. టార్చి పళ్ళ మధ్య కరుచుకుని, నూతి గోడకున్న ఇనుప మెట్ల మీద దిగాడు. అంతా నాచు... కాలు జారింది. టార్చి నీళ్ళలో పడి ఆరిపోయింది. ఒంటిచేత్తో కడ్డీకి వేళ్ళాడాడు.

అప్పుడు వినిపించింది — దగ్గు.

తెలిసిన దగ్గు. ఈలలా ఊపిరి లాగడం... మళ్ళీ దగ్గు... కిందనుంచే.

"నాన్నా..."

"వస్తున్నానమ్మా!"

పడుతూ లేస్తూ అడుగుకి దిగాడు. మోకాలి లోతు నీళ్ళు. చీకట్లో అంతా తడిమాడు. ఎవరూ లేరు. పైపు పొడిగా ఉంది, చుక్క కారడం లేదు. దగ్గూ ఆగిపోయింది.

పైనుంచి వెలుగు పడింది. ఇంజనీరు గారు, పక్కన డ్రైవరు. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు.

"పైకి రావయ్యా, ఏమీ పగల్లేదు! అదనం తీసుకుంటూ ఇంట్లో పడుకుంటున్నారని మీ ఫిట్టర్ల మీద ఫిర్యాదు. దెయ్యాల కొంపకి పిలిస్తే ఎవడొస్తాడో చూద్దామనుకున్నాం. నువ్వు నెగ్గావు."

"కింద... మా పాప గొంతు—"

"భయానికి అలాగే వినిపిస్తుందిలే," అన్నాడు డ్రైవరు.

ఫిట్టరు కూడా ఓ వెర్రినవ్వు నవ్వాడట. అదనం నిలబడిందిగా!

ఇంటికొచ్చేసరికి వాకిట్లో బండి ఆగి ఉంది. బావమరిది తలొంచుకుని పక్కకి తప్పుకున్నాడు. లోపల పెళ్ళాం పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

"మిమ్మల్నే పిలిచింది," అంది మెల్లగా. "నాన్న కాలు జారిందమ్మా, అక్కడ చీకటిగా ఉందమ్మా అంది. నేను... కలవరింత అనుకున్నాను. ఉన్నట్టుండి మొహం విప్పారింది. 'నాన్న వస్తున్నానన్నాడు' అంది.

"తర్వాత ఇక దగ్గలేదు."