పన్నెండు ఎడమచేతులు

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మూడో షెడ్డులో పన్నెండు వెల్డింగ్ టార్చీలు ఒక్కసారే ఆరిపోయాయి. పన్నెండు ఎడమచేతులు పక్కకు చాచుకున్నాయి. అరచేతులు తెరుచుకుని, నడుము ఎత్తున, ఎవరినో ముందుకు రాకుండా ఆపుతున్నట్టు గాలిలో నిలిచాయి. నాలుగు క్షణాల తర్వాత వాటంతటవే వెనక్కి వచ్చాయి. టార్చీలు మళ్లీ వెలిగాయి. పనిచేస్తున్న వాళ్లలో ఒక్కరూ తల తిప్పలేదు. వాళ్లకు అలవాటైపోయింది.

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న సుగుణకు మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

గాజువాక వెనక ఉన్న ఆ కర్మాగారం ఆమె తండ్రి పెట్టింది. ఆసుపత్రులకు కావలసిన ఆక్సిజన్ ట్యాంకులు అక్కడ తయారవుతాయి. ట్యాంకు మంచీ చెడూ అంతా అతుకులోనే ఉంటుంది. మంచి అతుకు వేయడం చేతికి పట్టుబడాలంటే మూడేళ్లు కావాలి. ఈ కాలపు పనివాళ్లు ఒకచోట నాలుగు నెలలకు మించి ఉండరు. సుగుణ పగ్గాలు అందుకున్న ఏడాది పాత వెల్డర్లలో సగం మంది పదవీ విరమణ చేశారు. మిగిలిన వాళ్ల చూపు తగ్గుతోంది. అప్పుడే ఆమె చేజాడ తెప్పించింది.

చేజాడ అంటే వేళ్ల నుంచి భుజం దాకా వేసుకునే పల్చటి తొడుగుల జత. ఆరితేరిన పనివాడు ఒక ఏడాది వాటిని వేసుకుని పనిచేస్తే ప్రతి కండర కదలికా వాటిలో ముద్రపడుతుంది. ఆ ముద్ర నింపిన తొడుగులు కొత్తవాళ్లు వేసుకుంటే మొదటి రోజు నుంచే వాళ్ల చేతులు ఆ పనివాడి చేతుల్లా ఆడతాయి. సుగుణ ఎంచుకున్న చెయ్యి అప్పలకొండది. ముప్పై ఎనిమిదేళ్ల చెయ్యి. ముద్ర పూర్తయ్యాక అతను ఉద్యోగం మానుకున్నాడు. మరుసటి వానాకాలంలో చనిపోయాడు. చెయ్యి మాత్రం ఉద్యోగంలోనే ఉండిపోయింది.

మూడు గంటల పది నిమిషాలకు వచ్చే ఆ ఆగుడును చేజాడ నిపుణుడు వ్యర్థ కదలిక అన్నాడు. కిందటి నెల రెండు తొడుగుల్లోంచి దాన్ని చెరిపి చూశాడు. ఆ రెండు తొడుగులు వేసుకున్నవాళ్లు వేసిన అతుకుల్ని, వాటిని పరీక్షించే యంత్రం లోపదర్శిని వరసగా తిప్పికొట్టింది. కారణం అతనికీ అంతుపట్టలేదు. ఒక పోగు లాగితే నేత మొత్తం వదులైనట్టుందని చెప్పి పాత ముద్రనే మళ్లీ నింపాడు.

ఆ సాయంత్రం సుగుణ గదికి దమయంతి వచ్చింది. సోంపేట వైపు అమ్మాయి, ఇరవై రెండేళ్లు. ఒప్పందం ముగిసి మూడు వారాలైంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"తొడుగులు ఇచ్చేసినాను మేడమ్. నా సెయ్యి నాకింకా రాలేదు," అంది.

చెల్లెలికి జడ వేయబోతే వేళ్లు పాయల్ని అతుకులా పట్టుకుంటున్నాయని చెప్పింది. అన్నం కలిపే తీరు మారిపోయిందని తల్లి అంటోందట. మొన్న బస్సు దిగుతుంటే ముందు ఒక ముసలామె ఉంది. దమయంతి ఎడమచెయ్యి దానంతటదే వెళ్లి ఆమె మోచెయ్యి పట్టుకుని మెట్టు దింపింది. ఆ తర్వాత ఆమె అరచేతిలో బొటనవేలితో రెండుసార్లు నొక్కింది. ముసలామె హడలిపోయి చెయ్యి లాగేసుకుంది.

"ఆవిడెవరో నాకు తెల్దు. నా సేతికి ఎవరో తెలిసినట్టుంది."

దమయంతిని పంపకుండా సుగుణ ముద్ర తీసిన ఏడాది నాటి షెడ్డు కెమెరా దృశ్యాలు తెరిచింది. ఇద్దరూ చూశారు. మూడు గంటల పది నిమిషాలకు షెడ్డులోకి ఒక స్త్రీ వస్తోంది. ఇనుప ముక్కలు ఏరే నూకాలు, అప్పలకొండ భార్య. తట్ట చంకన పెట్టుకుని, పాదంతో నేలను తడుముతూ నడుస్తోంది. అప్పలకొండ తలెత్తకుండానే టార్చీ ఆర్పి ఎడమచెయ్యి చాచాడు. ఎర్రగా కాలుతున్న రేకుకు మూర దూరంలో ఆ చెయ్యి ఆమె నడుముకు తగిలింది. ఆమె ఆగింది. అతను మోచెయ్యి పట్టి పక్కకు తిప్పాడు, అరచేతిలో రెండుసార్లు నొక్కి వదిలాడు. మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజూ అంతే.

నూకాలుకు కళ్లు కనిపించడం లేదు. చూపు పరీక్షలో తప్పినవాళ్లు షెడ్డులో ఉండకూడదని నియమం. ఏడాది పొడుగునా అతను దాచాడు. అదే దారిలో సుగుణ రోజూ నడిచింది, చూడలేదు. తర్వాత ఊడ్చే యంత్రాలు తెప్పించి ఏరేవాళ్లందరినీ మానిపించిన కాగితం మీద సంతకం కూడా ఆమెదే.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ పెదగంట్యాడలో నూకాలు ఉంటున్న ఒంటిగదికి వెళ్లారు. సుగుణ ఏమీ దాచకుండా చెప్పింది. నూకాలు గోడకు చేరగిలబడి విన్నది. అంతా విన్నాక పిల్ల చెయ్యి ఇమ్మంది. దమయంతి ఇంకా ఇవ్వకముందే ఎడమచెయ్యి ముందుకెళ్లింది. మోచెయ్యి పట్టింది, అరచేతిలోకి జారింది, రెండుసార్లు నొక్కింది.

నూకాలు ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

"ఇలాటియి ఎన్నున్నాయి పాపగారూ?"

"పన్నెండు."

"అందరూ ఆ యేలకి సెయ్యి సాపుతారేటి?"

"చాపుతారు."

"సాపితే ఎవురు తగులుతారు ఆళ్లకి?"

ఎవరూ తగలరని సుగుణ చెప్పింది.

"అప్పుడు నానుండేదాన్ని. సాపితే తగిలేదాన్ని," అంది నూకాలు. "ఇప్పుడు పన్నెండు సేతుల్తోటి ఎతుకుతన్నాడు. ఆపీండి."

అప్పలకొండ ఒప్పుకునే ఇచ్చాడని, ఆ చెయ్యి లేకపోతే ట్యాంకులు ఆగిపోతాయని, ఆసుపత్రులు ఎదురుచూస్తున్నాయని సుగుణ నెమ్మదిగా చెప్పింది. నూకాలు కాదనలేదు. తన మొగుడికి పని నేర్పింది మనిషే కదా అని మాత్రం అడిగింది. అతుకు బాగుందో లేదో చూడడానికి కళ్లెందుకు, సద్దు చాలంది. నూనెలో వడియాలు వేగుతున్నట్టు ఒకే తీరున వినబడాలట. చిటపటమంటే తప్పట.

చేతిలో ఉన్న ట్యాంకులు పూర్తిచేయించి సుగుణ తొడుగులు విప్పించింది. కొత్త ఆర్డర్లు సగం వేరే ఊళ్లకు వెళ్లిపోయాయి. పనివాళ్లలో ఆరుగురు మానేశారు. నేర్చుకునే రోజులు కూడా పనిరోజులేనని రాసిచ్చాక మిగిలిన ఆరుగురూ ఉన్నారు. ఒప్పందం ముగిసి వెళ్లిన దమయంతి కూడా తిరిగొచ్చింది. చూపు నియమం సడలించి నూకాలుకు షెడ్డులో ఒక కుర్చీ వేశారు. ఒక్కొక్కరి పక్కనా కూర్చుని తల వంచి వింటుంది, చిటపటమనగానే ఆపమంటుంది. మొదటి రెండు నెలలు లోపదర్శిని ఒక్క అతుకునూ ఒప్పుకోలేదు.

తొడుగులు లేకపోయినా కొన్నాళ్లు ఆ వేళకు చేతులు లేచేవి. సద్దు ఆగగానే నూకాలు తల ఎత్తేది. మొదట ఏడు చేతులు, తర్వాత నాలుగు, తర్వాత రెండు. ఏ రోజు ఎన్ని లేచాయో ఆమె అడిగేది కాదు. అడగకపోయినా సుగుణ లెక్కపెట్టేది. చివరికి దమయంతి చెయ్యి ఒక్కటే మిగిలింది. నూకాలును బస్సు దింపి షెడ్డు దాకా నడిపించే పని కూడా ఆ చెయ్యే పెట్టుకుంది.

కార్తీకం వెళ్లాక ఒక పొద్దున్న సుగుణ షెడ్డు గుమ్మం అవతల నిలబడి వాళ్లు రావడం చూసింది. గుమ్మానికి అడ్డంగా నేల మీద ఇనుప పట్టీ ఉంది. నూకాలు దాని ముందు ఆగి మోచెయ్యి కొంచెం ఎడంగా పెట్టి నిలబడింది. దమయంతి చెయ్యి కదల్లేదు. పక్కన వేలాడుతూ ఉండిపోయింది. ఆ పిల్ల దానివైపు చూసుకుంది. వేళ్లు మూసి తెరిచింది. అవి చెప్పినట్టు విన్నాయి. ఆమె ముఖంలో సంతోషం లేదు.

తర్వాత ఒక అడుగు ముందుకు వేసి ముసలామె మోచెయ్యి పట్టుకుంది.

నూకాలు వెంటనే నడవలేదు.

"ఇయేల నువ్వు పట్టుకున్నావు," అంది.

"అవును మామ్మా."

లోపల ఒకరి తర్వాత ఒకరు టార్చీలు వెలిగిస్తున్నారు. ఆ సద్దు వింటూ నూకాలు గుమ్మంలో చాలాసేపు నిలబడింది. దమయంతి పట్టు విడవలేదు, తొందరపెట్టలేదు. పట్టీ ఎంత దూరంలో ఉందో చెప్పమని నూకాలు అడిగింది. ఇన్నాళ్లూ ఆమె అలా అడగాల్సి రాలేదు. దమయంతి వంగి చూసి జానెడు అని చెప్పింది.